సింగపూరుకి ఉప్పు మీటరు

మా యజమాని వెంకటరత్నంగారు లంక అనే మాటని ఇంగ్లీషులోకి దించకుండా ఉండి ఉంటే నేను సింగపూరు వెళ్ళేవాణ్ణే కాదు. కాకినాడలో మాది ఐదుగురు పనిచేసే చిన్న షెడ్డు. రొయ్యల చెరువులు వచ్చాక కోనసీమ లంక గ్రామాల్లో నూతుల్లోకీ, ఫిల్టర్ పాయింట్లనే తక్కువ లోతు బోర్లలోకీ ఉప్పు దిగిపోయింది. అది కనిపెట్టడానికి మేమొక మీటరు తయారు చేశాం. పొడుగాటి వైరు చివర ఒక గొట్టం, పైన అరచేతిలో పట్టే పెట్టె. గొట్టాన్ని నూతిలోకి వదిలితే నీళ్ళలో ఉప్పెంతో అంకె చూపిస్తుంది. మోటారు ఎక్కువసేపు తోడేసి అడుగునున్న ఉప్పునీళ్ళు పైకొస్తుంటే ఎర్ర దీపం వెలుగుతుంది. అప్పుడు మోటారు ఆపెయ్యాలి. ఇంతకంటే దాన్లో మాయా మర్మం లేదు.

చిన్న చిన్న దీవి దేశాల అభివృద్ధికి సైన్సు, టెక్నాలజీ, కొత్త ఆవిష్కరణలు ఎలా పనికొస్తాయో చర్చించడానికి సింగపూరులో రెండు రోజుల సదస్సని ఎక్కడో చదివి, ఆయన దరఖాస్తు పడేశారు. మా మీటరు ఎన్నో దీవుల్లో పనిచేస్తోందని రాశారు. గోదావరి పాయల మధ్యనున్న ఊళ్ళు దీవులు కావని ఎవరనగలరు? నెల తిరక్కుండా విమానం టిక్కెట్టు వచ్చింది. వెంకటరత్నంగారికి మోకాళ్ళ నొప్పులు, ఇంగ్లీషంటే మొహమాటం. దాంతో నేను బయల్దేరాను.

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి కాకినాడలో మద్రాసు రైలెక్కాను. అవి ప్రతి సందు మొగలోనూ కంప్యూటర్ కోచింగ్ బోర్డులు వేలాడుతున్న రోజులు. సామర్లకోట దాటకముందే ఎదుటి సీటాయన నేను సింగపూరు వెళ్తున్న సంగతి కూపీ లాగేశాడు. "జావానా, ఒరాకిలా?" అనడిగాడు. నూతిలో ఉప్పు కొలిచే మీటరండీ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే ఎంబెడెడ్డన్నమాట" అన్నాడు. కాదన్నా వినలేదు. మా బావమరిదికి అక్కడేమైనా చూడండని ఒక బయోడేటా నా చేతిలో పెట్టాడు. తెనాలిలో ఇంకొకాయన పెట్టాడు. సింగపూరు వెళ్ళేవాడు సాఫ్ట్‌వేరు కాకపోతే అబద్ధాలకోరే అని ఆ బోగీలో అందరూ తీర్మానించుకున్నారు. రాత్రి పెందలాడే ముసుగుతన్ని పడుకున్నాను.

సోమవారం ఉదయం మద్రాసులో దిగి, స్టేషన్లోనే ఇడ్లీ తిని ఆటోలో విమానాశ్రయానికి చేరాను. పదకొండింటి విమానం. మనకంటే అక్కడ రెండున్నర గంటలు ముందు కాబట్టి దిగేసరికి సాయంత్రం ఐదూ నలభై. బస్సులో తంపినీస్ దాకా, అక్కణ్ణుంచి రైలు, మధ్యలో ఒకసారి మారి టోవా పాయోలో దిగాను. వెనకాల వచ్చేవాళ్ళకి ఒక సలహా: ఎస్కలేటరు మీద ఎడం పక్కన నిలబడండి. నేను కుడి పక్కన నిలబడి నలుగురి చేత గొణిగించుకున్నాను.

బస రామలక్ష్మి ఆంటీ ఫ్లాట్లో, ఎనిమిదో అంతస్తు. ఆవిడ వెంకటరత్నంగారికి పిన్ని వరస. భర్త ఓడరేవులో పనిచేసేవారట. వచ్చి నలభై ఏళ్ళయింది, ఆవిడ తెలుగులోకి అరవమూ, మలయూ కలిసిపోయాయి. తలుపు తీస్తూనే "మాకాన్ అయిందా అబ్బాయ్?" అనడిగింది. మకాం ఎక్కడని అడుగుతోందనుకుని, "మకాం మీ ఇంట్లోనే కదండీ" అన్నాను. "అదే, అయిందా లేదా?" అంది. "ఆఁ, అయినట్టేనండీ, సామాను దించేశాను కదా" అన్నాను. ఆవిడ నా మొహం అదోలా చూసి ఊరుకుంది. ఎనిమిదిన్నర దాకా నాకు కంచం పెట్టలేదు. చివరికి ఆకలికి ఆగలేక నోరు తెరిచి అడిగితే తేలిందేమిటంటే, మాకాన్ అంటే ఇక్కడ తిండి. నేను అయిందన్నాననుకుంది. వడ్డిస్తూ నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మంగళవారం ఉదయం ఎనిమిదింటికల్లా సదస్సు హాలు చేరాను. లోపల చలికి పళ్ళు టకటకలాడాయి. ఎండ దేశంలో శాలువా తెచ్చుకోవాలని నాకేం తెలుసు? మెడలో వేసుకోమని బ్యాడ్జీ ఇచ్చారు. నా పేరు, దాని కింద దేశం: కోనసీమ. నాది ఇండియా అండీ అని సదస్సు కార్యదర్శి దగ్గరికెళ్ళాను. నలభై ఏళ్ళ చీనా ఆవిడ, చాలా మర్యాదస్తురాలు. "ఆల్రెడీ ప్రింటెడ్ లా" అంది, అక్కడివాళ్ళ అలవాటు ప్రకారం చివర ఒక లా తగిలించి, ఎంతో బాధపడుతూ. రెండు రోజులూ నేను కోనసీమ దేశ ప్రతినిధిగానే తిరిగాను. ఒకాయన మా దేశ జనాభా ఎంతని కూడా అడిగాడు.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. దీవులు ఒక్క గెంతులో కొత్త యుగంలోకి దూకాలట. ప్రతి దీవికీ ఒక పోర్టల్ ఉండాలట. రైతుకి పోర్టల్, జాలరికి పోర్టల్, తుపానుకి పోర్టల్. కరెంటు రోజుకి ఎన్ని గంటలుంటుందని వెనక వరసలోంచి ఒకరు అడిగితే, అది తర్వాతి సమావేశంలో వస్తుందన్నారు. రాలేదు. టీ విరామంలో బిస్కెట్లు బావున్నాయి.

మధ్యాహ్నం నుంచి ఆవిష్కరణ తెచ్చినవాణ్ణీ, అవసరమున్నవాణ్ణీ జంటలుగా కూర్చోబెట్టారు. నా జంట తెబానో. పసిఫిక్ సముద్రంలో పగడపు దిబ్బల మీదున్న ఒక చిన్న దేశం నుంచి మూడు విమానాలు మారి వచ్చాడు. భారీ మనిషి, నిదానం, అక్కడ మంచినీళ్ళ శాఖ ఉద్యోగి. వాళ్ళకి ఏరు లేదు, కొండ లేదు. వాననీళ్ళు ఇసకలోకి ఇంకి, కిందున్న సముద్రపు నీళ్ళ మీద పలచగా తేలుతూ ఉంటాయి. ఆ పలచటి పొర మీదే నూతులన్నీ. రెండేళ్ళ కిందట ఎవరో దయగలవాళ్ళు వాళ్ళ ఆస్పత్రి నూతికి పెద్ద మోటారు దానమిచ్చారు. అది నాలుగు నెలల్లో పై నీళ్ళన్నీ తోడేసింది. ఇప్పుడు ఆ నూతిలో ఉప్పునీళ్ళు. పిల్లల వార్డుకి పక్క దీవి నుంచి పడవలో డబ్బాలతో నీళ్ళు తెస్తున్నారు. ఆస్పత్రికి ఇక మిగిలింది పక్క దీవిలోని ఆ ఒక్క నుయ్యి. దానికీ మోటారు బిగించారు. ఎప్పుడు ఆపాలో ఎవరికీ తెలియదు. ఇదంతా నాలుగు ముక్కల్లో, గొంతు పెంచకుండా చెప్పాడు.

నాకు ఉత్సాహం ఆగలేదు. మా లంకల కష్టమే ఇది! మీటరు బయటికి తీసి, గ్లాసులో నీళ్ళు పోసి, ఉప్పు కలిపి చూపించాను. అర్థమైందా అనడిగాను. అతను మాట్లాడకుండా కనుబొమలు పైకెత్తాడు. కనుబొమలెత్తితే మన దగ్గర ఏమిటి, ఏమంటున్నావ్ అని కదా అర్థం! సరే, మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఇది మీకు పనికొస్తుందా? మళ్ళీ కనుబొమలు. కాగితం మీద నూతి బొమ్మ గీసి చెప్పాను. కావాలా? కనుబొమలు. నాలుగుసార్లు చెప్పేసరికి నా గొంతు ఎండిపోయింది, తల ప్రాణం తోకకొచ్చింది. ఇంత చిన్న విషయం బుర్రకెక్కనివాణ్ణి ఇంత దూరం పంపారేమిట్రా అనుకున్నాను. ఇంతలో అతనే అడిగాడు: "ఇది నేను మా ఊరు తీసుకెళ్ళొచ్చా?" సదస్సువాళ్ళ చేత ఇప్పిస్తానులే అన్న ధీమాతో, ఓ అలాగే అన్నట్టు తలని ఇటూ అటూ ఆడించాను. అతను మీటరుని మెల్లిగా నా ముందుకి జరిపేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం ఐదింటికి మా చేత ఒక ఫారం నింపించారు. ఒక దేశాన్ని ఎంచుకుని ఆరు నూతులకి మా మీటర్లు చేయించి పెట్టించే ఏర్పాటు సదస్సువాళ్ళదే. జంటగా కూర్చున్నవాళ్ళకి అవసరమూ, ఆసక్తీ ఉన్నాయో లేదో మేం రాయాలి. నాకు చలి, ఆకలి, విసుగు. ఎన్నిసార్లు అడిగినా స్పష్టంగా చెప్పలేదు, ఆసక్తి ఉన్నట్టు లేదు అని రాసి, సంతకం పెట్టి, పరుగున రైలు అందుకున్నాను.

బుధవారం పదకొండింటికి తెబానోని, మీటర్లు ఎవరికివ్వాలో తేల్చే ఐదుగురు పెద్దల ముందు కూర్చోబెట్టారు. నేను వెనక కుర్చీలో ఉన్నాను. అధ్యక్షుడు, సూటు వేసుకున్న పెద్దాయన, మీ ప్రజలకి ఈ పరికరం కావాలా అనడిగాడు. తెబానో కనుబొమలెత్తాడు. అధ్యక్షుడు ప్రశ్న మార్చి అడిగాడు. కనుబొమలు. మూడోసారి ఒక్కొక్క మాటా విడదీసి, చంటిపిల్లాడికి చెప్పినట్టు అడిగాడు. మూడోసారీ అంతే. ఐదుగురూ ఒకరి మొహాలొకరు చూసుకుని థాంక్యూ అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచి ఎస్ అంటే ఏం పోయింది ఈ మనిషికి?

భోజనానికి దగ్గర్లోని హాకర్ సెంటర్‌కి, అంటే ఒకే కప్పు కింద వరసగా తిండి దుకాణాలుండే చోటికి నడిచాం. ఖాళీగా కనిపించిన బల్ల మీద ఎవరో కాగితం రుమాళ్ళ పొట్లం పెట్టి పోయారు. అంటే ఆ చోటు వాళ్ళదట, చోప్ చేశారంటారు. ఎవరిదో పారేసుకున్నారని నేను తీసి పక్కన పెడితే, పళ్ళెంతో వచ్చిన ఒకావిడ నన్ను దొంగని చూసినట్టు చూసింది. ఇంకో బల్ల వెతుక్కునేసరికి పావుగంట. నేను చోటు కాస్తూ కూర్చుంటే తెబానో రెండు పళ్ళేల్లో అన్నం, వేయించిన చేప తెచ్చాడు. "చేప తింటావా?" అనడిగాడు. తింటానని తలాడించాను. అతను నా పళ్ళెంలో చేపని తీసి తన పళ్ళెంలో వేసుకుని తినడం మొదలెట్టాడు.

నేను ఒట్టి అన్నం వంక చూస్తూ కూర్చున్నాను. రెండు రోజుల విసుగంతా చేప మీదికొచ్చింది. నా చేప ఎందుకు తీసుకున్నావని గట్టిగానే అడిగాను.

"నువ్వే వద్దన్నావుగా. రెండు రోజుల నుంచీ ఏదడిగినా వద్దనే అంటున్నావు" అన్నాడు. ఎప్పుడన్నానంటే, తన పెద్ద తలని ఇటూ అటూ ఊపి చూపించాడు. అది వద్దని కాదు, సరేనని అన్నాను. మరి నువ్వు, ఏదడిగినా ఏమిటేమిటంటూ కనుబొమలెగరేస్తావే? అతను తినడం ఆపేశాడు.

"అది ఏమిటని కాదు. మా దగ్గర అవునంటే అంతే."

హాకర్ సెంటర్‌లో రొద రొదగా ఉంది. నాకేమీ వినపడలేదు. నాలుగుసార్లు అర్థమైందన్న మనిషికి నేను నాలుగుసార్లు చెప్పానన్నమాట. కావాలి కావాలి అని అతనంటుంటే ఆసక్తి లేదని రాశానన్నమాట. "మీటరు తీసుకెళ్ళొచ్చా అంటే కాదన్నావు. రాత్రే మా ఆస్పత్రికి ఫ్యాక్స్ పంపాను, అది మనకి రాదని" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అన్నా బావుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. చేప మళ్ళీ నా పళ్ళెంలో పెట్టాడు. అది అలాగే వదిలేసి, పద కార్యదర్శి దగ్గరికి అన్నాను.

రెండున్నరకి కార్యదర్శి బల్ల ముందు నిలబడ్డాం. జరిగింది మొత్తం చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, పాపం అంది, ఫైలు తీసింది. మీటర్లు ఇంకో దేశానికి ఖాయం చేసేశారు. తెబానో దేశం పేరుకెదురుగా, అవసరం నిర్ధారణ కాలేదు అని ఉంది. పెద్దల ముందు మూడుసార్లు అవునన్నాడండీ, అది మీకు తెలియలేదు, దిద్దండి అన్నాను. ఆవిడ ఇంకో కాగితం నా వైపు తిప్పింది.

"మిస్టర్ ప్రసాద్, పెద్దలకి అనుమానం ఉండింది. అందుకే మీ ఫారం చూశారు. దాన్ని బట్టే తేల్చారు."

కింద నా సంతకం. తొందరలో కూడా ఎంత ముద్దుగా పెట్టానో! అప్పటిదాకా సదస్సుని తిట్టుకుంటున్నాను, బ్యాడ్జీని తిట్టుకుంటున్నాను, ఆ పెద్దల్ని తిట్టుకుంటున్నాను. తీరా చూస్తే ఆ పిల్లల వార్డు నీళ్ళు ఆపింది నేను. ఫారం వెనక్కి తీసుకుంటానన్నాను. అధ్యక్షుడి దగ్గరికి పరిగెత్తాను. ఆయన గ్రూపు ఫొటోకి నిలబడి ఉన్నాడు. నా చెయ్యి ఆప్యాయంగా నొక్కి, రెండేళ్ళ తర్వాత జరిగే సదస్సుకి మళ్ళీ దరఖాస్తు చెయ్యమను, నీ వివరణ కూడా జతపరచమను అన్నాడు. రెండేళ్ళు! ఆ నూతికి వచ్చే ఎండాకాలమే గడ్డు. ఫొటోలో తెబానోనీ, నన్నూ పక్కపక్కన నిలబెట్టి నవ్వమన్నారు. నేను నవ్వలేదు.

మెట్లు దిగుతూ నిర్ణయించేసుకున్నాను. నా సంచీలో పనిచేసే మీటరు ఒకటుంది. ఆరు లేకపోతే ఒకటి. చిక్కేమిటంటే అది చూపించి తిరిగి తెస్తానని మద్రాసు కస్టమ్స్‌లో రాసిచ్చి వచ్చాను. చేసినవన్నీ లంకల్లో నూతుల దగ్గరున్నాయి, మా షెడ్డులో తర్వాతది ఇంకా తయారు కాలేదు. ఇది ఇచ్చేస్తే మా లంకల్లో కొత్తగా పెట్టడానికి మూడు నెలలదాకా ఏమీ ఉండదు. తెబానో కూడా వద్దన్నాడు. ఈసారి నోటితోనే అన్నాడు, నీ ఉద్యోగం పోతుందని. పోనీ అన్నాను.

ఫోను కార్డు కొని కింది బూత్‌లోంచి వెంకటరత్నంగారికి చేశాను. నా పొరపాటు దగ్గర్నుంచీ అన్నీ చెప్పేశాను. కార్డు అయిపోతోందని భయమేసింది.

"ఉన్నదొక్కటీ ఇచ్చేస్తావట్రా?" అన్నారు. ఆయ్ అన్నాను. "నన్నడుగుతున్నావా, చెబుతున్నావా?" అన్నారు. చెబుతున్నానండీ అన్నాను. "వాళ్ళ దీవిలో మన బ్యాటరీలు దొరుకుతాయో లేదో కనుక్కో. దొరక్కపోతే కొని ఇవ్వు" అని పెట్టేశారు.

గురువారం ఉదయం ఏడింటికి తెబానోని టోవా పాయో తీసుకొచ్చాను. మధ్యాహ్నం నాలుగింటికి అతని విమానం. ఆంటీ వంటింట్లో రెండు బకెట్లు, ఒక ఉప్పు డబ్బా పెట్టుకుని కూర్చున్నాం. మొదటే షరతు పెట్టాను: నేను తల కదపను, నువ్వు కనుబొమలెత్తకు, ఏదైనా నోటితోనే. అరగంట కష్టపడ్డాం. అవునని చెప్పాల్సివచ్చినప్పుడల్లా అతని కనుబొమలు సగం లేచి ఆగిపోయేవి. నా మెడ నా మాట వినేది కాదు. ఆంటీ పొయ్యి దగ్గర్నుంచి చూసి, "ఏం తంబీ, ఇద్దరికీ మెడ పట్టేసిందా?" అంది. గొట్టం శుభ్రం చెయ్యడం, వైరు తెగితే అతకడం, ఎర్ర దీపం ఎక్కడ వెలగాలో తిప్పి పెట్టుకోవడం, అన్నీ అతని చేత చేయించాను. చేతులు లావుగా ఉన్నా పని నాజూకు. చివర అతను ఒక ప్రశ్న అడిగాడు: దీపం వెలిగినప్పుడు ఆస్పత్రిలో నీళ్ళు కావలసిన పిల్లలుంటే? ఆపాల్సిందేనన్నాను. అతను గొట్టాన్ని బకెట్లోంచి తీసి తుడిచి, "అవును" అన్నాడు, నోటితో.

ఆంటీ అతనికి సాంబారన్నం పెట్టి, మాకాన్ అయ్యాకే కదలనిచ్చింది. పన్నెండింటికి రైలెక్కించాను. మీటరు గుడ్డలో చుట్టి, బ్యాటరీలతో సహా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తలుపులు మూసుకున్నాయి. సాయంత్రం సెరంగూన్ రోడ్డులో ఇంటికి కావలసినవి కొందామని బయల్దేరాను గానీ, దుకాణాల ముందు ఊరికే తిరిగి వచ్చేశాను.

శుక్రవారం ఉదయం విమానంలో కిటికీ పక్క సీటు. సదస్సువాళ్ళిచ్చిన మెరిసే పుస్తకం తిరగేశాను. పోర్టల్ అన్న మాట పేజీకి పదిసార్లుంది, నుయ్యి అన్న మాట ఒక్కసారీ కనబడలేదు. ఎవరైనా ఇలాంటి సదస్సులకి వెళ్తే నాకు తోచింది ఒకటే చెబుతాను. సాంకేతిక పరిజ్ఞానాన్ని దీవులకి చేర్చడం అంటూ వాళ్ళు రెండు రోజులు మాట్లాడారు. అది చేరకుండా అడ్డం పడింది సముద్రం కాదు, కరెంటు కాదు, డబ్బు కూడా కాదు. పక్క కుర్చీలోవాడు అవునంటున్నాడో కాదంటున్నాడో అడిగే ఓపిక లేకపోవడం. ఆ ఓపిక లేనివాళ్ళలో అందరికంటే ముందున్నది నేను.

మద్రాసులో కస్టమ్స్ ఆఫీసరు నా కాగితం తీసి చూశాడు. యాభై దాటిన అరవాయన, కళ్ళజోడు ముక్కు చివర్న. తిరిగి తెస్తానన్న పరికరం ఎక్కడని అడిగాడు. ఇచ్చేశానండీ అన్నాను. అమ్మావా? లేదండీ. పోయిందా? లేదండీ. ఆయనకీ విసుగొచ్చింది. బల్ల మీదికి వాలి, వెనక వరస పెరుగుతున్నా ఆపి, మొత్తం చెప్పమన్నాడు. దాచకుండా చెప్పాను, ఫారం సంగతితో సహా. ఆయన కలం తీశాడు.

"సరే. గడువు ఇస్తాను. ఎప్పటికి తిరిగొస్తుంది?"

"రాదండీ. అది తిరిగొచ్చిందంటే, వాళ్ళకి ఆ నుయ్యి కూడా పోయినట్టండీ."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, గడువు రాయాల్సిన చోట అడ్డంగా ఒక గీత గీసి, ముద్ర వేసి నన్ను వెళ్ళమన్నాడు.